ఏడో తొట్టి

జనవరి 17, టోక్యో

ఈ రోజు బియ్యం పులియబెట్టి చేసిన అరవై మూడు సాకేలు రుచి చూశాను. రెండు తప్ప అన్నీ ఉమ్మేశాను. మింగినందుకు సిగ్గేమీ లేదు, ఆ రెండింట్లో ఒకటి మా కార్ఖానాదే.

పొడవాటి బల్లల మీద తెల్లటి గిన్నెలు, అడుగున నీలం వలయాలు. పక్కన నిలబడ్డ నీగాతా పెద్దమనిషి ముప్ఫై దాటేసరికి ముక్కు మొద్దుబారిందని బయటికి వెళ్ళిపోయాడు. నేను అరవై మూడూ పూర్తి చేసి, నలభై ఒకటో నంబరు సీసా మూత తీసి రెండు రోజులైందని చెప్పాను. నిర్వాహకులు వెళ్ళి కనుక్కుని వచ్చి, "నిజమేనండీ, పొరపాటున నిన్నటి సీసా పెట్టాం, అది మొన్న తీసిందట" అని తల గోక్కున్నారు. ఇలాంటి ముక్కు ఊరికే రాదు. ఇరవై రెండేళ్ళుగా కాఫీ ముట్టలేదు, సెంటు పూసుకోలేదు.

మా సాకే పక్కన పచ్చి రొయ్య పెట్టారు. మా సాకేకి పచ్చి రొయ్యా! ఆ కుర్రవాణ్ణి పిలిచి, "నాయనా, చల్లటి వంటకం పక్కన పెడితే ఇది ముడుచుకుని కూర్చుంటుంది. కాస్త వెచ్చబెట్టి కాల్చిన చేపతో ఇచ్చి చూడు" అన్నాను. ఇచ్చాడు. గంటలో మూడు సీసాలు ఖాళీ అయిపోయాయి.

రేపు ఇంటికి వెళ్ళాలి.

జనవరి 18

హోటల్లో పొద్దున టిఫిన్ల వరసలో, చివరి గిన్నెలో నత్తో ఉంది.

ఒక్క పొట్లం తిన్నాను. అంతే.

నేను మితోలో పుట్టాను. పులియబెట్టిన ఆ సోయా గింజల్ని తీగలు సాగేదాకా కలిపి, వేడన్నం మీద వేసుకుని తినకుండా బడికి వెళ్ళిన రోజు లేదు. పెళ్ళయ్యాక అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ పేరెత్తడమే తప్పయింది. నత్తోలో ఉండే కంటికి కనపడని పురుగు కోజి గదిలోకి దూరిందంటే, ఉడికిన బియ్యం మీద సాకే కోసం మేం పెంచుకునే కోజి బూజును తొక్కేసి రాజ్యమంతా తనే ఏలుతుంది. ఈ ఊళ్ళో పోస్టు తెచ్చే మనిషి కూడా చలికాలంలో మా గుమ్మం ముందు ఆగి, "నేను తినలేదండోయ్!" అని అరిచి మరీ లోపలికి వస్తాడు.

కానీ అది టోక్యో. మా ఇంటికీ టోక్యోకీ నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే.

సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరాను. సరస్సు వైపు నుంచి మంచు అడ్డంగా కొడుతోంది. చెప్పులు విప్పుతుంటే కుమాజో పెద్దయ్య కోజి గది తలుపులోంచి తల బయటపెట్టాడు. చలికాలమంతా మా కార్ఖానాలో సాకే తయారీ ఆయన చేతిలోనే ఉంటుంది. నలభై ఒక్క చలికాలాలుగా తాజిమాలో పొలం పనులు ముగించుకుని వస్తున్నాడు.

"అమ్మగారూ, మంచి వేళకి వచ్చారు. ఏడో తొట్టి కోజి. ఒక్కసారి మీ ముక్కు అరువివ్వండి."

"నా ముక్కు లేకుండా ముప్ఫై ఏళ్ళు ఎలా నెట్టుకొచ్చావు పెద్దయ్యా?"

"ఏదో గుడ్డెద్దులా పడి వచ్చాన్లెండి. రండి, చల్లారిపోతోంది."

కోటు విప్పేశాను. చేతులు కడుక్కున్నాను, రెండుసార్లు. లోపలికి వెళ్ళి, గుప్పెడు తీసి వాసన చూశాను. అప్పుడే కాల్చిన చెస్ట్‌నట్ వాసన మొదలైంది. ఇంకో పళ్ళెంలోంచి, ఇంకో పళ్ళెంలోంచి తీసి చూశాను. "బాగుంది" అన్నాను. ఆయన పిల్లాడిలా నవ్వాడు.

జనవరి 20

పొద్దున ఆరింటికి కోజి గదిలోంచి పెద్దయ్య గొంతు వినిపించింది. అరవలేదు. మామూలుగా అరిచే మనిషి మెల్లగా మాట్లాడుతున్నాడంటేనే నాకు భయమేసి పరుగెత్తాను.

సగం పళ్ళేలు పాడయ్యాయి. పొడిపొడిగా, తెల్లగా వేళ్ళ సందుల్లోంచి రాలాల్సిన కోజి జిగురు పట్టి వేలికి అంటుకుంటోంది. వాసన నాకు గుమ్మం దగ్గరే అందింది.

అందరూ నా వైపు తిరిగారు. ఇలాంటప్పుడు చెప్పాల్సింది నేనే కదా.

"వేడెక్కువైంది. తడి బయటికి పోలేదు" అన్నాను.

పెద్దయ్య తల వంచుకున్నాడు. "నా వల్లే. నిన్న తెల్లవారుజామున కూర్చున్నచోటే కునుకు పట్టింది. కిటికీ తెరిచే వేళ దాటిపోయి ఉంటుంది."

"ఒక్క కునుక్కి ఇంత జరుగుతుందా పెద్దయ్యా?" అన్నారు మా ఆయన మోరిహికో.

"జరిగింది కదండీ అయ్యగారూ."

సగం పారేశారు. శుభ్రంగా కనిపించిన మిగతా సగాన్ని ఏడో తొట్టిలో వేశారు. వేయకపోతే అప్పటికే పొంగుతున్న తొట్టి మొత్తం పోయేది.

వేడి నిజంగానే ఎక్కువైంది. వేడి రాసే పట్టీలో చూశాను. అర డిగ్రీ.

జనవరి 21

వేడినీళ్ళతో గదంతా కడిగారు. గోడ చెక్కలు కూడా. ఒక్క పొట్లంతో ఇంత జరగదు.

జనవరి 24

ఇక్కడ రాసుకోవడానికి ఎవరి భయం? రాస్తాను.

నేను కోడలిగా వచ్చేనాటికి ఆడవాళ్ళు కోజి గది గడప తొక్కకూడదు. సాకే దేవత ఆడది కాబట్టి అసూయ పడుతుందని అత్తయ్య చెప్పింది. పదమూడేళ్ళు బయటే ఉన్నాను. వంటిల్లు, అతిథుల గది, ఏ సాకే పక్కన ఏ వంటకం అన్న లెక్క, ఇవే నా రాజ్యం. తొమ్మిదేళ్ళ కింద ఒకరోజు తలుపు ఇవతల నిలబడే, "పెద్దయ్యా, ఎడమ మూల పళ్ళెం మాడుతోంది" అన్నాను. ఆయన వెళ్ళి చూశాడు. వచ్చి తలుపు పూర్తిగా తెరిచి, "దేవతకి నేను సర్దిచెప్పుకుంటాను. మీరు లోపలికి రండి" అన్నాడు.

అత్తయ్య నెల రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడిన మొదటి మాట: "ఎప్పుడో ఒకప్పుడు ఇది నీ వల్లే చెడుతుంది, చూస్తూ ఉండు." ఆవిడకిప్పుడు డెబ్బై తొమ్మిది. ఇంకా చూస్తూనే ఉంది.

నోరు విప్పానంటే ఆ తలుపు మూసుకుంటుంది. నాకే కాదు, నా తర్వాత వచ్చే ఏ ఆడమనిషికైనా. అంటే నేను ఊరుకున్నది నా ఒక్కదాని కోసం కాదు.

పైగా, నా వల్లే జరిగిందని రుజువేమిటి?

ఫిబ్రవరి 2

దయ్యాల్ని తరిమే పండుగ. మా ఆయన గుమ్మంలో నిలబడి వేయించిన సోయా గింజలు గుప్పిళ్ళతో విసురుతూ, "దయ్యం బయటికి! అదృష్టం లోపలికి!" అని కేకలు పెట్టారు. పనివాళ్ళలో ఒకడు దయ్యం ముసుగు వేసుకోవాలి. ఈసారి పెద్దయ్య తనే తీసి పెట్టుకున్నాడు.

"ఈ ఏడు దయ్యాన్ని నేనేలెండి. గట్టిగా కొట్టండి" అన్నాడు.

అందరూ నవ్వారు. అత్తయ్య గురి చూసి కొట్టింది. నేను గింజలు చేతిలో పట్టుకుని, భుజం నొప్పిగా ఉందని చెప్పాను.

ఫిబ్రవరి 9

పెద్దయ్య మారిపోయాడు. ఇదివరకు కోజిలోకి చెయ్యి దూర్చి, కళ్ళు మూసుకుని, "ముప్ఫై ఎనిమిది" అనేవాడు. థర్మామీటరు పెడితే ముప్ఫై ఎనిమిదే ఉండేది. ఇప్పుడు ముందు థర్మామీటరు పెడుతున్నాడు, మళ్ళీ పెడుతున్నాడు, ఆ తర్వాత ఇంకెవర్నో పిలిచి చూడమంటున్నాడు. భోజనం దగ్గర గిన్నెలో సగం వదిలేస్తున్నాడు.

మూడు రోజుల కింద నన్ను పిలిచాడు. "అమ్మగారూ, పదకొండో తొట్టి మీరే నడపండి. నేను పక్కన ఉంటాను. ఈ చేతుల్ని ఇక నమ్మలేను."

"ఊరుకో పెద్దయ్యా, ముసలితనం అందరికీ వస్తుంది."

ఆ మాట ఎందుకన్నానో. ఓదార్పుగానే అన్నాను.

పదకొండో తొట్టి కోజి నేనే చేశాను. రెండు రోజులు ఆ గదిలోనే పడుకుని లేచాను. అద్భుతంగా వచ్చింది. ఇరవై రెండేళ్ళలో ఏ ఆడదానికీ, అసలు ఈ ఊళ్ళో ఎప్పుడూ ఏ ఆడదానికీ దక్కని అవకాశం. సంతోషంగా ఉంది. సంతోషంగా ఉండకూడదా?

ఫిబ్రవరి 11

ఆ పొద్దున రెండు పొట్లాలు. హోటలు పొట్లాలు మరీ చిన్నవి, రెండు కలిస్తే ఇంటి పొట్లం ఒకటి.

ఫిబ్రవరి 25

ఏడో తొట్టి గుజ్జు పిండి సాకే తీశారు. టిఫిను తినకముందే, నాలుక శుభ్రంగా ఉన్నప్పుడే గిన్నెలో పోసుకుని చూశాను. గడ్డి రంగు. అడుగున నీలం వలయం అంచు పచ్చగా కనిపిస్తోంది. పుట్టగొడుగులు, పాత బియ్యం, సోయా సాసు జాడీ మూత వాసన. నాలుక మీద బరువు. పులుపు ఒక మూల నిలబడి అరుస్తోంది. చివర చేదు.

పెద్దయ్య కూడా తాగాడు. ఉమ్మలేదు, మింగేశాడు.

"దీన్ని మన పేరుతో పంపొద్దండీ అయ్యగారూ. వంటల్లోకి అమ్మేయండి. ఈ సీజను ముగిశాక నేను ఇక రాను. తొట్టి పాడుచేసిన మనిషిని మళ్ళీ పిలిచారన్న మాట మీకు రాకూడదు."

మా ఆయన నా వైపు చూశారు.

"ఎవరన్నారు పాడైందని? దీనికి తగ్గ కూడు ఇంకా దొరకలేదు, అంతే. నెల రోజులు టైమివ్వండి" అన్నాను.

దారి దొరికింది. ఈ సాకేని నలుగురు మెచ్చుకునేలా చేస్తే పెద్దయ్య పేరు నిలుస్తుంది. పేరు నిలిస్తే ఆయన మళ్ళీ వస్తాడు. ఇక ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని ఉండదు.

మార్చి 3

సరస్సు చేపని నిప్పుల మీద కాల్చి పెట్టాను. చేప ఓడిపోయింది.

ఉప్పులో ఊరిన మాకెరెల్ చేప. ఇద్దరూ కొట్టుకున్నారు.

బాతు మాంసం, ఉల్లికాడల పులుసు. ఫరవాలేదు. కానీ ఫరవాలేదంటే నాకు చాలదు.

మార్చి 5

అన్నంలో మూడేళ్ళు పులియబెట్టిన చేప పెట్టాను. దీని ముందు ఎంతటి సాకే అయినా తోక ముడుస్తుంది. ఏడో తొట్టి ముడవలేదు. పులుపూ పులుపూ కలిసి కాస్త తీపి తేలింది. కానీ ఆ చేప వాసనకి సగం మంది బల్ల దగ్గరికే రారు.

వెచ్చబెట్టడంలో మాత్రం గుట్టు దొరికింది. నలభై డిగ్రీల దగ్గర ఆపితే పులుపు పొడుచుకొస్తోంది. అరవై దాకా తీసుకెళ్ళి, సీసా మెడలోంచి ఆవిరి లేచాక పక్కన పెట్టి, నలభై ఐదుకి దిగేదాకా ఆగాలి. అప్పుడు అరుపు తగ్గి గంజిలా గొంతులోకి జారుతుంది. ఇది మన దేశంలో ఎంతమందికి తెలుస్తుందని? నాకు తెలిసింది.

మార్చి 9

మధ్యాహ్నం అత్తయ్య తన కోసం వండుకున్న గిన్నె బల్ల మీద మర్చిపోయింది. సరస్సు చిన్న రొయ్యలు, సోయా గింజలు కలిపి తియ్యటి సాసులో ఉడికించిన కూర. ఈ చుట్టుపక్కల ప్రతి ఇంట్లో ఉండేదే. అతిథులకి పెట్టాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు.

చేతిలో వెచ్చటి ఏడో తొట్టి ఉంది. ఒక గింజ నోట్లో వేసుకున్నాను.

బరువంతా పోయింది. చేదు పోయింది. గింజ లోపల ఉన్న తీపి బయటికొచ్చి సాకేలో కలిసింది. రొయ్య పెంకు మాడు వాసన చివర్న మెరిసింది. మళ్ళీ తాగాను. రొయ్య లేకుండా, ఒక్క గింజతోనే తాగి చూశాను. ఇంకా బాగుంది.

రొయ్య అక్కర్లేదు. సోయా గింజే కావాలి దానికి.

ఎందుకని అడగను.

అత్తయ్య వచ్చి ఖాళీ గిన్నె చూసింది. "కోడలా, అది నా రాత్రి కూడు."

"మీ కూర మన కార్ఖానాని నిలబెట్టబోతోంది అత్తయ్యా."

"కార్ఖానా తర్వాత. ముందు నాకు తిండెవరు పెడతారు?"

మార్చి 14

క్యోతో నుంచి హత్సునో వచ్చింది. పది కుర్చీల హోటలు ఆవిడది. ఆవిడ పెట్టే సాకే ఏదైనా సరే, చుట్టుపక్కల వంటవాళ్ళందరూ మర్నాడే కనుక్కుంటారు. యాభై దాటింది, నోట్లో మాట నిలవదు.

ఎప్పటిలాగే ముందు మంచి సాకేలు పోశాను, వాటికి తగ్గ వంటకాలు పెట్టాను. "బాగుంది, బాగుంది" అంటూ తింది. బాగుంది అని రెండుసార్లు అందంటే ఆవిడకి నిద్రొస్తోందని అర్థం. అప్పుడు ఏడో తొట్టి తెచ్చాను. పక్కన చిన్న గిన్నెలో ఆ కూర. ఏమీ చెప్పలేదు. పెద్దయ్య వెనక నిలబడి ఉన్నాడు.

హత్సునో ఒక గింజ తిని ఒక గుక్క తాగింది. చాప్‌స్టిక్స్ కింద పెట్టింది. మళ్ళీ తీసుకుంది. గిన్నె ఖాళీ చేసేదాకా మాట్లాడలేదు. ఆవిడ అంతసేపు నోరు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏమిటే ఇది?" అంది చివరికి. "మా అమ్మమ్మ వంటింట్లో కూర్చున్నట్టుంది. ఇంత మొరటు సాకే తాగి కళ్ళమ్మట నీళ్ళు రావడమేమిటి నాకు? చిఫుయూ, తొట్టి మొత్తం నాకే. ఒక్క సీసా కూడా బయటికి పోవడానికి వీల్లేదు."

నేను లోపల ఎగిరి గంతేశాను. రాసుకోవడానికి మొహమాటమెందుకు, ఈ దేశంలో ఆ సాకేకి ఆ కూర కలపగలిగింది నేనొక్కదాన్నే.

ఆవిడ పెద్దయ్య వైపు తిరిగింది. "దీనికి సోయా గింజంటే ఇంత ప్రేమెందుకు? ఏం చేశారు మీరు?"

పెద్దయ్య నడుము వంచి నమస్కరించాడు. "నాకు తెలీదమ్మా. అది నా తప్పు వల్ల పుట్టింది."

"అబ్బో, వినయం! పైకేమో తప్పు, లోపలేమో గుట్టు. చూడండి, వచ్చే ఏడు కూడా నాకు ఇదే కావాలి. అచ్చం ఇదే. మీ చేత్తోనే."

పెద్దయ్య మొహం నేను చూశాను. ఆవిడ చూడలేదు.

మార్చి 15

గెలిచాను కదా. మరి అన్నం ఎందుకు సహించడం లేదు?

మార్చి 22

పెద్దయ్య ఖాళీ దొరికితే చాలు జనవరి పట్టీలు ముందేసుకుని కూర్చుంటున్నాడు. గంట గంటకీ తన చేత్తో రాసిన అంకెలు. వేలు పెట్టి ఒక్కో వరసే చదువుతున్నాడు. టీ తీసుకెళ్ళాను.

"అమ్మగారూ, ఇందులో తప్పెక్కడుందో కనపడటం లేదు. అర డిగ్రీ తేడాకి కోజి జిగురు పట్టదు. బియ్యం మంచిదే, నీళ్ళూ మంచివే. కునుకు ఎంతసేపు తీశానో గుర్తు చేసుకుంటే పావుగంటే అనిపిస్తుంది. మరి గంటలు గంటలు పడుకుని, అదీ మర్చిపోయానేమో. మతి కూడా పోతోందేమో. ఆ క్యోతో ఆవిడ మళ్ళీ చెయ్యమంటే ఎక్కడ మొదలుపెట్టను?"

"చెయ్యొద్దు పెద్దయ్యా. కుదరదని చెప్పేద్దాం."

"కుదరదని చెప్పాలన్నా ఎందుకు కుదరదో తెలియాలి కదమ్మా. మా ఇంటావిడకి ఉత్తరం రాశాను, ఇక చలికాలాలు ఇంట్లోనే ఉంటానని. ఈ వయసులో నేను ముట్టుకున్నది ఏం చెడుతుందో అని భయపడుతూ బతకలేను."

ఆయన చేతులు బల్ల మీద ఉన్నాయి. నేను చూస్తున్నానని వాటిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

నేను ఏడో తొట్టిని బాగుచేశాను. ఆయన్ని చెయ్యలేదు.

మార్చి 25

ఆ రోజు చేతులు ఒకసారే కడుక్కున్నాను.

మార్చి 27

అసలు కడుక్కోలేదు. రైలు ఆలస్యమైంది, మంచు పడుతోంది, ఆయన పిలిచాడు. ముక్కు అరువివ్వమన్నాడు. అలా పిలిస్తే నేను ఆగలేను. కోటు విప్పి నేరుగా లోపలికి వెళ్ళాను. టోక్యోలో అరవై మూడు గిన్నెలు గెలిచి వచ్చినదాన్ని, నా చేతులకేమవుతుందనుకున్నాను.

మార్చి 28

బియ్యం ఉడికించడం ఈ రోజుతో ఆఖరు. ఆవిరి కుండ బోర్లించి కడిగాక, ప్రతి ఏడూ చేసినట్టే యజమానులూ పనివాళ్ళూ ఒకే వరసలో కూర్చుని మధ్యాహ్న భోజనం చేశాం. మా ఆయన, అత్తయ్య, పెద్దయ్య, నలుగురు పనివాళ్ళు, నేను. ఈ భోజనానికి ఏ సాకే పక్కన ఏమి పెట్టాలో నేను నెల ముందే అనుకుంటాను. ఈసారి బాతు, ఎర్ర కొన్యాకు దుంప బిళ్ళలు, వెదురు మొలకలు, ఆఖర్న ఏడో తొట్టితో అత్తయ్య కూర.

మా ఆయన గిన్నె ఎత్తారు. "పెద్దయ్య నలభై ఒక్క చలికాలాలకి..." అని మొదలుపెట్టారు. పూర్తి చేయకుండానే గిన్నె దించేశారు. పనివాళ్ళు తలలు దించుకున్నారు. పెద్దయ్య అన్నం గిన్నె ముట్టలేదు.

నేను సీసా పట్టుకుని లేచి ఆయన ముందు కూర్చున్నాను. పోయడానికే లేచాను. సీసా పక్కన పెట్టి, రెండు చేతులూ చాప మీద ఆన్చి, నుదురు నేలకి తాకించాను.

"పెద్దయ్యా, మీరు పావుగంటే కునుకు తీశారు. తప్పు మీది కాదు. ఆ రోజు పొద్దున నేను టోక్యోలో నత్తో తిన్నాను. చేతులు కడుక్కోకుండా వచ్చి కోజి ముట్టుకున్నాను. ఇరవయ్యో తేదీ పొద్దున గుమ్మంలోనే నాకు వాసన తెలిసింది. తెలిసీ వేడని చెప్పాను."



ముందుగా అత్తయ్యే మాట్లాడింది. "ఎన్ని?"

"ఏమిటి అత్తయ్యా?"

"పొట్లాలే. ఎన్ని తిన్నావు?"

"మూడు."

"మూడా! ఒక్కటి చాలలేదూ, తిండిపోతా!"

ఒక పనివాడికి నవ్వొచ్చి దగ్గుగా మార్చుకున్నాడు. నేను తలెత్తలేదు. మా ఆయన "చిఫుయూ" అని ఒక్క మాటే అన్నారు, అందులో తిట్టు ఉందో ఏముందో తెలియలేదు.

పెద్దయ్య లేచి బయటికి వెళ్ళిపోయాడు. నూతి దగ్గర నీళ్ళ చప్పుడు వినిపించింది, చాలాసేపు. అంతసేపూ నేను నుదురు నేల మీదే పెట్టుకుని ఉన్నాను. సంచి సర్దుకుని వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళినా న్యాయమే.

తిరిగొచ్చాడు. మొహం తడిగా ఉంది, చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. తన చోట కూర్చున్నాడు. నేను పోయబోతే గిన్నె బోర్లించాడు.

"అరవై ఎనిమిది రోజులు" అన్నాడు. "అరవై ఎనిమిది రోజులు నా చేతుల్ని నేను తిట్టుకున్నానమ్మా. తెల్లవారి లేచి వీటిని చూసుకుంటే అసహ్యం వేసేది. మీరు రోజూ టీ తెచ్చి ఇచ్చారు. ఇచ్చి, నా మొహం చూసి వెళ్ళేవారు."

"అవును పెద్దయ్యా."

"వేరే మనిషైతే ఇక్కడే చెంప పగలగొట్టేవాణ్ణి."

"కొట్టండి."

"కొడితే మీకు తేలికైపోతుంది. కొట్టను."

అని అన్నం గిన్నె అందుకున్నాడు. తిన్నాడు. కూర వేసుకుని తిన్నాడు, గిన్నె ఖాళీ చేసి నా ముందుకు చాచాడు. వడ్డించాను. అదీ తిన్నాడు. మూడోసారి కూడా చాచాడు. ఆయన నమలడమే అందరం వింటూ కూర్చున్నాం.

చాప్‌స్టిక్స్ పెట్టేసి మా ఆయన వైపు తిరిగాడు. ఇదివరకటి గొంతుతో, కార్ఖానా అవతలి మూలకి వినపడేలా, "అయ్యగారూ, నవంబరులో వస్తాను. మా ఆవిడకి ఇంకో ఉత్తరం రాసుకోవాలి. ఒక్కటే షరతు. నేనున్నంత కాలం ఈ అమ్మగారు కోజి గది గడప దాటకూడదు" అన్నాడు.

మా ఆయన నన్ను చూశారు. అత్తయ్య కూడా చూసింది, ఏమీ అనలేదు. ఈ ఒక్క రోజూ ఏమైనా అని ఉంటే బాగుండేది.

"ఆడదాన్నని కాదు కదా?" అన్నాను.

"కాదు. రేపు వేరే ఏ ఆడమనిషి వచ్చి నేర్పమన్నా నేర్పుతాను. మీరు మాత్రం వద్దు."

"ఎన్నాళ్ళు పెద్దయ్యా?"

"నా కోపం తగ్గేదాకా. అదెన్నాళ్ళో నాకూ తెలీదు."

"సరే" అన్నాను. అందరి ముందూ ఏడ్చాను. ఆయన నన్ను ఊరుకోబెట్టలేదు.

మార్చి 30

హత్సునోకి ఫోను చేసి, వచ్చే ఏడు ఆ సాకే ఉండదని, ఎందుకో కూడా దాచకుండా చెప్పాను. "నత్తోనా! మితో పిల్లవి కదూ నువ్వు" అని పడీ పడీ నవ్వింది. నవ్వాపుకుని, "ఆ ముసలాయనకి చెప్పి ఉండాల్సింది మొదటి రోజే" అంది. ఫోను పెట్టేసింది.

ఏప్రిల్ 4

పొద్దున పెద్దయ్య తాజిమాకి బయల్దేరాడు. దారిలో తినడానికి కట్టిన పెట్టె ఇస్తే రెండు చేతులతో తీసుకున్నాడు. "నవంబరులో కలుద్దాం" అన్నాడు మా ఆయనతో. నాతో తల మాత్రం ఊపాడు.

మధ్యాహ్నం కార్ఖానా ఊడ్చాను. కోజి గది తలుపు గాలికోసం తెరిచే ఉంచారు. పళ్ళేలన్నీ కడిగి ఎండకి వేశారు, లోపల ఏమీ లేదు, ఎవరూ లేరు. గోడ చెక్కల్లో ఇంకిన చెస్ట్‌నట్ వాసన కొద్దిగా వస్తోంది. ఎడమ మూల దుమ్ము కనిపించింది. చీపురు పెద్దదే, కానీ అక్కడికి అందలేదు. పనివాణ్ణి పిలిచి ఊడ్వమని, గడప ఇవతలే నిలబడ్డాను.